పని తరిగిన దాది: నిష్క్రమణ నిర్ణయం – మూడు కథనాల తులనాత్మక పరిశీలన

ప్రవేశిక

బిడ్డల పెంపకం జీతానికి చేసే పనిగా మారినప్పుడు దానికి ఒక విచిత్రమైన లక్షణం ఏర్పడుతుంది. ఆ పని ఎంత బాగా సాగితే అంత త్వరగా ముగుస్తుంది. బిడ్డ నడక నేర్చి, మాట నేర్చి, తన అన్నం తాను తిని, బడికి వెళ్ళే వయసుకు వస్తే దాది తన పనిని చక్కగా చేసిందని అర్థం. ఆమెతో ఇక అవసరం తీరిందనీ అదే అర్థం. ఈ రెండు అర్థాలూ ఒకేసారి ఎదురయ్యేది పనిగంటలు తగ్గినప్పుడు. అంతవరకు రోజంతా ఆమె చేతిలో ఉన్న బిడ్డను ఇకపై ఒక పూట చూసుకొంటే చాలు. జీతమూ ఆ మేరకు తగ్గుతుంది. కానీ మిగిలిన పూటకు మరొక ఇల్లు దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఆ ఇంట్లోనే ఉండాలా, వెళ్ళిపోవాలా అన్నది అప్పుడు ఆమె ముందు నిలిచే ప్రశ్న.

ఈ ప్రశ్నను ఆధారం చేసుకొని మూడు కథనాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. మహాశ్వేతాదేవి బెంగాలీ కథ ‘స్తనదాయిని’, జమైకా కిన్‌కెయిడ్ ఆంగ్ల నవల ‘లూసీ’ (1990), లైలా స్లిమానీ ఫ్రెంచి నవల ‘షాన్సాన్ దూస్’ (2016) ఇక్కడ పరిశీలనకు తీసుకొన్న రచనలు. వీటి మధ్య ప్రభావ సంబంధాన్ని నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం కాదు. కలకత్తాలోని ఒక సంపన్న కుటుంబం, అమెరికాలోని ఒక శ్వేతజాతి కుటుంబం, పారిస్‌లోని ఒక ఉద్యోగ దంపతుల కుటుంబం వీటిలో కనిపిస్తాయి. మూడు చోట్లా పని తరగడం ఒకే విధంగా జరగదు. ఒకచోట ఇంట్లో బిడ్డలు పుట్టడం ఆగిపోతుంది. ఒకచోట బిడ్డలు ఎదిగిపోతారు. మరొకచోట పనికి పెట్టుకొన్న కాపురమే విచ్ఛిన్నమవుతుంది. అయినా మూడింటిలోనూ దాది ఎదుర్కొనే సమస్య ఒకటే. అంతవరకు ‘మా ఇంటి మనిషి’ అనిపించుకొన్న స్త్రీ తాను పనిమనిషినని తెలుసుకొనేది ఆ సమయంలోనే.

దాది ఉండిపోవడానికైనా వెళ్ళిపోవడానికైనా బిడ్డ మీది మమకారాన్ని మాత్రమే కారణంగా చూపడం సరిపోదని ఈ వ్యాసం ప్రతిపాదన. పని ఉన్నన్నాళ్ళు ఆ ఇంటివారు వాడిన బంధుత్వ భాషను ఆమె ఎంతవరకు నమ్మింది, గడప దాటితే తలదాచుకొనే చోటు ఆమెకు ఉందా అన్న రెండు విషయాల మీద ఆ నిర్ణయం ఆధారపడుతుంది.

దాది: పదం, సంప్రదాయం

‘దాది’ అన్న మాట సంస్కృతంలోని ‘ధాత్రి’కి వికృతి. ధాత్రి అంటే పాలిచ్చి పెంచేది. భూమి అనీ అర్థం ఉంది. ‘ఆయా’ పోర్చుగీసు నుంచి భారతీయ భాషలలోకి వచ్చిన పదం. మొదటి మాట వెంట తల్లిదనపు గౌరవం వస్తుంది. రెండవ మాట వెంట బడులు, ఆసుపత్రులు, దొరల బంగళాలు గుర్తుకు వస్తాయి. నేటి తెలుగు ఇళ్ళలో ఈ పని చేసే స్త్రీని ఈ రెండు మాటలతో కంటే ‘పాపను చూసుకొనే మనిషి’ అనడమే ఎక్కువ. ఆ పనికి స్థిరమైన పేరు లేకపోవడం గమనార్హం. పేరు లేని పనికి హద్దులు గీయడం కష్టం. పాపను చూసుకొనే మనిషి పాప నిద్రపోయినప్పుడు గిన్నెలు ఎందుకు తోమకూడదన్న ప్రశ్న అక్కడినుంచే పుడుతుంది.

పెంచిన తల్లికి సమాజం ఇచ్చే గౌరవం ఎటువంటిదో తెలుసుకోవడానికి భాగవతం మంచి ఆధారం. చంపడానికి వచ్చి విషం పూసిన చన్ను అందించిన పూతనకు సైతం దాదికి తగిన గతి లభించిందని భాగవతం చెబుతుంది. పాలిచ్చే స్థానానికి ఉన్న పవిత్రత అంతటిది. అయితే పెంచిన యశోద పరిస్థితి వేరు. అక్రూరుడి వెంట కృష్ణుడు మథురకు వెళ్ళిన తరువాత ఆమె రేపల్లెలోనే ఉండిపోతుంది. చాలా ఏళ్ళకు సూర్యగ్రహణ సందర్భంలో కురుక్షేత్రం దగ్గర రెండు కుటుంబాలూ కలుసుకొన్నప్పుడు దేవకీ రోహిణులు యశోదను కౌగిలించుకొని, ఇంద్ర సంపదతోనైనా తీర్చుకోలేని ఉపకారం చేశావని కొనియాడుతారు. ఈ కృతజ్ఞతలో లోపం లేదు. కానీ తీర్చలేని ఋణమని ఒప్పుకోవడం ఋణం తీర్చవలసిన బాధ్యత నుంచి తప్పుకోవడానికీ ఉపకరించగలదు. భాగవతంలోని యశోద జీతానికి కుదిరిన స్త్రీ కాదు కనుక అక్కడ ఈ చిక్కు లేదు. అదే మాటను యజమాని కుటుంబం దాదితో అంటే దాని అర్థం మారిపోతుంది. ఈ తేడాను మహాశ్వేతాదేవి కథలో స్పష్టంగా చూడవచ్చు.

‘స్తనదాయిని’: నమ్మి నిలిచిపోయిన దాది

ఈ కథలోని ప్రధాన పాత్ర పేరు జశోద. బెంగాలీ ఉచ్చారణలో యశోదే జశోద. హాల్దారుల ఇంటి కుర్రవాడు నడిపిన కారు వల్ల భర్త కాంగాలీచరణ్ కాళ్ళు పోతాయి. కుటుంబం గడవడానికి పని అడగబోయిన జశోదకు ఆ ఇంట్లో పసిబిడ్డలకు పాలిచ్చే పని దొరుకుతుంది. పాలు ఎండిపోకుండా ఉండాలంటే ఆమె మళ్ళీ మళ్ళీ గర్భం ధరించాలి. బతికినవారూ పోయినవారూ కలిపి ఇరవైమంది బిడ్డల తల్లి అవుతుంది. ఆమె శరీరమే ఆమె పనిముట్టు. ఆమె కాన్పులు ఆ పనిముట్టు నిర్వహణలో భాగం. హాల్దారుల ఇంట ఆమెకు మర్యాద దక్కుతుంది, దైవత్వమూ అంటగట్టబడుతుంది.

ఈ కథ మీద వచ్చిన విమర్శలో గాయత్రీ చక్రవర్తి స్పివాక్ వ్యాసం ప్రసిద్ధమైనది. స్పివాక్ ఈ కథను ఆంగ్లంలోకి అనువదించారు; 1987లో వెలువడిన ‘ఇన్ అదర్ వరల్డ్స్’లో ఆమె అనువాదమూ విశ్లేషణా ఉన్నాయి. వలసపాలన ముగిసిన తరువాతి భారతదేశానికి జశోద ప్రతీక అన్న రచయిత్రి సొంత వ్యాఖ్యకే స్పివాక్ పరిమితం కాలేదు. జశోద పాలు మారకపు విలువ గల సరుకుగా మారిన తీరును చర్చించి, స్త్రీ పునరుత్పత్తి శ్రమ గురించిన సిద్ధాంతాలను ఈ కథ ముందు నిలిపి పరీక్షించారు. ఈ విశ్లేషణకు రుణపడుతూనే, కథలో మరొక దశను ప్రత్యేకంగా చూడవలసి ఉంది. జశోద పనిలో చేరిన దశకూ రోగంతో మరణించిన దశకూ మధ్య, ఆమె పని తరిగిపోయిన దశ అది.

ఆమెను ఆదరించిన ఇంటి పెద్దావిడ మరణిస్తుంది. కాలం మారుతుంది. కోడళ్ళకు ఎడతెగని కాన్పులు అక్కరలేదు. కొడుకులు కొందరు వేరు కాపురాలు పెడతారు. జశోదను ఎవరూ వెళ్ళగొట్టరు. ఆమె చేసే పని ఆ ఇంట్లో లేకుండా పోతుంది, అంతే. ఇది కథలో కీలకమైన సూక్ష్మం. తొలగింపు జరిగి ఉంటే ఆమె తగవు పెట్టుకోవచ్చు, నిందించవచ్చు. అవసరం తీరిపోవడానికి ఎవరిని నిందించాలి? తన ఇంటికి తిరిగి వెళదామంటే అక్కడ భర్త మరొక స్త్రీని చేరదీశాడు. దాంతో ఆమె మళ్ళీ హాల్దారుల గడప తొక్కుతుంది, ఈసారి వంటమనిషిగా. ఇల్లు అదే, మనుషులు వారే. ఆమె స్థానం మాత్రం దిగజారింది. పాలిచ్చిన కాలంలో దక్కిన మర్యాద వంటింట్లో దక్కదు. ‘ఏరు దాటి తెప్ప తగలెయ్యడం’ అన్న తెలుగు నానుడి ఇక్కడ పూర్తిగా సరిపోదు. హాల్దారులు తెప్పను తగలెయ్యలేదు, ఒడ్డున వదిలేశారు. అది దానంతట అదే కుళ్ళిపోయింది.

జశోద ఎందుకు ఉండిపోయింది? తాను పాలిచ్చినవారు తనకు కొడుకులవుతారని నమ్మడం ఒక కారణం. చివరి రోజుల్లో ఆసుపత్రిలో రొమ్ము క్యాన్సరుతో మగతలో ఉన్నప్పుడు సైతం ఆమె ఈ నమ్మకాన్ని వదలలేదు. పెంచిన కొడుకులు గానీ కన్న కొడుకులు గానీ దగ్గర లేకుండానే ఆమె మరణిస్తుంది. ఈ నమ్మకాన్ని అమాయకత్వం అని కొట్టివేయడం సులభం. కానీ ఆ నమ్మకం ఆమె సొంతంగా కల్పించుకొన్నది కాదు. పనికి తగిన జీతం లెక్కగట్టే బదులు తల్లి అన్న పేరు ఇచ్చినవారు హాల్దారులే. ఆ పేరును ఆమె భవిష్యత్తుకు హామీపత్రంగా చదువుకొంది. వారు దానిని రద్దయిన పత్రంగా చూశారు.

‘షాన్సాన్ దూస్’: అవసరాన్ని సృష్టించబోయిన దాది

స్లిమానీ నవలకు 2016లో ఫ్రాన్సులోని గోంకూర్ పురస్కారం లభించింది. పసిబిడ్డల హత్యతోనే నవల మొదలవుతుంది కనుక ఏం జరుగుతుందన్న కుతూహలానికి చోటు లేదు. ఎందుకు అన్నదే మిగులుతుంది. మిరియం న్యాయవాది, భర్త పాల్ సంగీత రంగంలో పనిచేస్తాడు. పాప మీలా, బాబు ఆదాం. వారిని చూసుకోవడానికి వచ్చిన లూయీజ్ కొద్దిరోజులలోనే ఆ ఇంటికి ఆధారమవుతుంది. చెప్పిన వేళకంటే ముందు వస్తుంది, ఆలస్యంగా వెళుతుంది. వంట చేస్తుంది, ఇల్లు సర్దుతుంది. ఆ కుటుంబం గ్రీసు విహారానికి వెళ్ళేటప్పుడు ఆమెనూ వెంట తీసుకువెళుతుంది.

ఇక్కడ పనిగంటలు తగ్గించినట్లు యజమానులు ప్రకటించరు. తగ్గబోతున్నాయన్న ఎరుక నవల ఉత్తరభాగమంతా పరచుకొని ఉంటుంది. ఆదాం బడి వయసుకు వస్తున్నాడు. అటుపై లూయీజ్ ఎందుకన్న ఆలోచన దంపతులకు వచ్చింది. ఆ ఆలోచన తమకు వచ్చిందని ఆమెకూ తెలుసు. అప్పుడు లూయీజ్ ఎన్నుకొన్న మార్గం అసాధారణమైనది. వెళ్ళాలా ఉండాలా అని తర్కించే బదులు పనినే పెంచబోయింది. మిరియం మూడవ బిడ్డను కనాలన్న కోరిక ఆమెను పట్టి పీడిస్తుంది. దంపతులకు ఏకాంతం దొరకాలని పిల్లలను బయటకు తీసుకువెళుతుంది. జశోద పని కొనసాగడానికి తన గర్భం అవసరమైతే, లూయీజ్ పని కొనసాగడానికి యజమానురాలి గర్భం అవసరం. రెండు రచనలూ ఒకే ఆర్థిక సూత్రాన్ని రెండు వైపుల నుంచి చూపుతున్నాయి.

లూయీజ్ వెళ్ళిపోతే ఎక్కడికి వెళుతుంది? చనిపోయిన భర్త మిగిల్చిన అప్పులు, దూరమైన కూతురు, క్రెతెయిల్‌లో ఒంటరి అద్దె గది. అప్పు గురించిన ప్రభుత్వ నోటీసు యజమానులకు చేరినప్పుడు వారు ఆమెకు సాయపడే ముందు ఇబ్బంది పడతారు. ‘ఇంటి మనిషి’ అప్పు ఇంటి సమస్య కాలేదు. రచయిత్రి ఇంతవరకు వ్యవస్థను నిశితంగా పరిశీలించారు.

అయితే ముగింపు విషయంలో ఒక అభ్యంతరం చెప్పవలసి ఉంది. హత్యతో లూయీజ్ ప్రశ్న మానసిక వైకల్యానికి సంబంధించినదిగా మారిపోయే ప్రమాదం ఉంది. చెహోవ్ 1888లో రాసిన కథలో పదమూడేళ్ళ వార్కా నిద్ర కరవై పసిబిడ్డను చంపుతుంది. అక్కడ పనికి హద్దులేకపోవడమే హత్యకు కారణమని పాఠకుడికి సందేహం ఉండదు. స్లిమానీ నవలలో పని తరగడం, ఒంటరితనం, అప్పు, ఉన్మాదం కలగలిసి ఉంటాయి. పాఠకుడు చివరికి దేనిని గుర్తుంచుకొంటాడన్నది చర్చనీయాంశం. పరాయి స్త్రీ చేతిలో బిడ్డను పెట్టిన ప్రతి ఇంటిలోనూ ఉండే భయాన్ని ఈ ముగింపు ధ్రువీకరిస్తుంది. తన పని పోబోతున్న స్త్రీ ఏం చేయాలన్న ప్రశ్న ఆ భయం నీడలోకి జారుకొంటుంది.

‘లూసీ’: పిలుపును నిరాకరించిన దాది

కిన్‌కెయిడ్ నవలలోని లూసీ వెస్టిండీస్ దీవి నుంచి అమెరికాకు వచ్చిన పందొమ్మిదేళ్ళ యువతి. మరాయా, లూయిస్ దంపతుల నలుగురు కూతుళ్ళను చూసుకొంటూ వారింట్లోనే ఉంటుంది. మరాయా ఆమెను స్నేహితురాలిగా, దాదాపు కూతురిగా చూడాలని తపిస్తుంది. లూసీ ఆ ప్రేమను గుర్తిస్తూనే ఆ పిలుపును పూర్తిగా స్వీకరించదు. మరాయా మురిపెంగా చూపే పసుపుపచ్చని పూలు లూసీకి వలసపాలన నాటి బడిలో వల్లెవేయించిన ఆంగ్ల పద్యాన్ని గుర్తుచేస్తాయి. ఒకే పువ్వును ఇద్దరూ రెండు చరిత్రల నుంచి చూస్తారు. తాను వడ్డించే చోట, మరాయా కూర్చునే చోట ఉన్నామన్న ఎరుక లూసీని ఏనాడూ విడిచిపెట్టదు.

లూయిస్ మరొక స్త్రీ వైపు మళ్ళడంతో ఆ కాపురం కూలిపోతుంది. లూసీని పనికి పెట్టుకొన్న సుఖకుటుంబం అన్న చిత్రం చెదిరిపోతుంది. లూసీ వెళ్ళిపోతానని చెబుతుంది. అంతవరకు సమానత్వం మాట్లాడిన మరాయా అప్పుడు యజమానురాలి గొంతుతో మాట్లాడుతుంది. పనికి నియమాలు గుర్తుచేస్తుంది. ఇది నవలలో అతి విలువైన ఘట్టం. బంధుత్వ భాష వెనుక ఉన్న ఒప్పందం ‘స్తనదాయిని’లో పని తరిగినప్పుడు బయటపడింది; ఇక్కడ దాది తానే కదిలినప్పుడు బయటపడింది. మరాయా దుష్టురాలు కాదు. తరువాత ఆమె కోపం చల్లారుతుంది, లూసీకి ఒక నోటుపుస్తకం కానుకగా ఇస్తుంది. మంచి మనసున్న యజమానురాలికి సైతం చివరి ఆయుధం యజమానత్వమే అని చూపడంలో రచయిత్రి నిజాయితీ ఉంది.

లూసీకి బిడ్డల మీద మమకారం లేదనుకోవడం పొరపాటు. చిన్నపాప మిరియం మీద ఆమెకు ప్రత్యేకమైన ప్రేమ ఉంది. అయినా వెళ్ళిపోయింది. తల్లి కోరిన నర్సు చదువునూ మానుకొంది. అంటే ఆమె విడిచినది ఒక్క ఇంటిని కాదు. ఇతరులకు సేవచేయడమే నీ జీవితమని తనకు నిర్ణయించిన మార్గాన్ని. కానీ ఈ నిష్క్రమణ విజయగీతం కాదు. సొంత గదిలో నోటుపుస్తకం మీద తన పేరు రాసుకొని ఏడ్చే లూసీతో నవల ముగుస్తుంది. స్వేచ్ఛ దొరికింది, ఆ స్వేచ్ఛలో తోడు ఎవరన్నది తేలలేదు.

నిర్ణయానికి ఆధారాలు

ఈ మూడు రచనలను పక్కపక్కన ఉంచినప్పుడు జశోదను బాధితురాలిగా, లూసీని చైతన్యవంతురాలిగా విభజించాలని అనిపించవచ్చు. ఆ విభజన న్యాయం కాదు. లూసీ యువతి, అవివాహిత. అప్పులు లేవు. స్నేహితురాలితో పంచుకొనే అద్దె ఇల్లు, ఫొటోగ్రాఫర్ దగ్గర మరొక ఉద్యోగం ఆమె ముందున్నాయి. జశోదకు ఇరవై కాన్పుల శరీరం, కాళ్ళులేని భర్త, చేతికి రాని కొడుకులు ఉన్నారు. లూయీజ్‌కు అప్పు ఉంది. గడప అవతల నేల ఉన్నవారే గడప దాటగలరు. నిర్ణయాన్ని చైతన్యానికి కొలబద్దగా తీసుకొంటే, ఆ నేలను ఎవరు ఎవరికి లేకుండా చేశారన్న ప్రశ్న తప్పిపోతుంది.

పనిగంటల విషయంలోనూ ఒక అసమానత ఉంది. గంటలు తగ్గినప్పుడు జీతం వెంటనే తగ్గుతుంది. దాది అందుబాటులో ఉండాలన్న అపేక్ష తగ్గదు. బిడ్డకు జ్వరం వస్తే, బడికి సెలవు ఇస్తే ఆమె రావాలి. అందువల్ల మిగిలిన పూటకు మరొక ఇంట కుదరడం ఆమెకు కష్టం. ఇంటిపనివారి గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒప్పందం పనిగంటలు, విశ్రాంతి, జీతం వంటి షరతులు వారికి స్పష్టంగా తెలియజేయాలని, వీలైనచోట రాతపూర్వకంగా ఉండాలని కోరుతుంది. భారతదేశం దానిని ధ్రువీకరించలేదు. రాతలో లేని షరతుల స్థానాన్ని మమకారం గురించిన మాటలు ఆక్రమిస్తాయి. అందుకే ఆ మాటలను సాహిత్య విమర్శ జాగ్రత్తగా చదవవలసి ఉంటుంది.

తెలుగు విమర్శకు సంబంధించిన ఒక మాట

1980ల నుంచి బలపడిన తెలుగు స్త్రీవాద విమర్శ గృహిణి చేసే జీతంలేని చాకిరీని చర్చలోకి తెచ్చింది. పి.సత్యవతి ‘ఇల్లలకగానే’ కథ ఈ చర్చలో తరచు ప్రస్తావనకు వస్తుంది. ఇల్లు అలుకుతూ తన పేరు మరిచిపోయిన ఇల్లాలు అందులో పనిమనిషిని సైతం తన పేరు అడుగుతుంది. ఇంటి యజమానురాలిగా తప్ప పనిమనిషి ఆమెను ఎరగదు. ఈ సన్నివేశాన్ని మనం ఇల్లాలి వైపు నుంచే చదువుతూ వచ్చాం. కథ కోరినదీ అదే. పనిమనిషి వైపు నుంచి చూస్తే మరొక విషయం తోస్తుంది. యజమానురాలి పేరు తెలుసుకోవలసిన అవసరం లేకుండానే ఒక స్త్రీ మరొక స్త్రీ ఇంటి పని చేసుకుపోతోంది. ఇల్లాలు తన పేరును వెతుక్కోవడానికి బయటకు వెళ్ళే వేళ ఆ ఇంటిని, బిడ్డను ఎవరు చూసుకొంటారన్న ప్రశ్నకు సమాధానం ఆ రెండవ స్త్రీ దగ్గర ఉంది. మిరియం న్యాయవాద వృత్తికి తిరిగి వెళ్ళగలగడానికి లూయీజ్ కావలసి వచ్చింది. ఒకరి స్వేచ్ఛకు మరొకరి పనిగంటలు ఆధారమైనప్పుడు ఆ ఇద్దరినీ ‘స్త్రీ’ అన్న ఒక్క మాట కింద చేర్చి విశ్లేషించడం చాలదు.

కనుక పనిమనిషి, ఆయా, దాది పాత్రలున్న తెలుగు కథలను మళ్ళీ చదివేటప్పుడు మూడు అంశాలు గమనించడం ఉపయోగకరం. ఆ పాత్రను కథలో ఏ వరుస పెట్టి పిలుస్తున్నారు, ఆ పిలుపు ఏ సందర్భంలో మారుతోంది? ఆమె పని ఎంతసేపు, ఎంత జీతానికి అన్న వివరం కథలో ఉందా, లేకపోతే ఆ లోపం ఎవరికి అనుకూలం? ఆమె కథనుంచి తప్పుకొన్నప్పుడు వెళ్ళే చోటును రచయిత ఊహించారా? మూడవ ప్రశ్నకు జవాబు లేని కథలే ఎక్కువగా కనిపించవచ్చు. పని అయిపోయిన పాత్రను రచయిత సైతం యజమానిలాగే పంపివేయడం అసాధారణం కాదు.

ముగింపు

పనిగంటలు తగ్గిన దాది ఉండాలా వెళ్ళాలా అన్న ప్రశ్నకు ఈ మూడు రచనలు ఒకే సమాధానం చెప్పవు. ఉండిపోయిన జశోదకు మరణం, అవసరాన్ని పెంచబోయిన లూయీజ్‌కు వినాశం, వెళ్ళిపోయిన లూసీకి ఒంటరి స్వేచ్ఛ దక్కాయి. ముగ్గురిలో నిర్ణయం తన చేతిలోకి తీసుకోగలిగింది లూసీ ఒక్కతే. పిలుపును ముందే అనుమానించడం దానికి ఒక కారణం, వెళ్ళే చోటు ఉండడం మరొక కారణం. రెండవది లేకుండా మొదటిది ఉన్నా చాలదు. అందువల్ల దాది పాత్రను మాతృత్వ చర్చలో భాగంగా మాత్రమే చదివే అలవాటును సవరించుకోవలసి ఉంది. ఆమె ప్రేమను శంకించనక్కరలేదు. ఆ ప్రేమకు జీతం నుంచి మినహాయింపు ఎవరు పట్టుకొన్నారో మాత్రం లెక్క తేల్చాలి.